పడినా భరించగల బండి

నర్సీపట్నం లాంటి ఊళ్ళో ఇంటర్ దాటిన కుర్రాడు బండి మాట ఎత్తగానే ఇంట్లో రెండు ప్రశ్నలు లేస్తాయి. కొడుకు నోట వచ్చేది ‘ఎన్ని సీసీ?’, తండ్రి నోట వచ్చేది ‘నెలకెంత కట్టాలి?’. రెండూ తీసిపారేయాల్సిన ప్రశ్నలు కావు. కానీ వాటికంటే ముందు అడగాల్సింది ఒకటుంది: ఈ బండి రేపు కిందపడితే, ఎవరి దగ్గరా చేయి చాచకుండా వారం తిరిగేసరికి బాగుచేయించుకుని రోడ్డెక్కించగలమా? ఒక్కసారైనా పడకుండా బండి నేర్చుకున్నవాళ్ళు ఏ వీధిలో వెతికినా తక్కువే. కాలేజీ గేటు ముందు ఇసుక మీద జారడం, స్టాండు సరిగా పడక ఒరిగిపోవడం, స్పీడ్ బ్రేకర్ దగ్గర వెనకవాడి కాలు తగిలి పక్కకు వాలిపోవడం, ఇవన్నీ మొదటి ఏడాదిలో జరిగేవే. అందుకే మొదటి బండిని పడిన తర్వాత అయ్యే ఖర్చుతో కొలవాలంటాను. ఆ కొలతతో చూస్తే చాలామంది కుర్రాళ్ళకు సరిపడేది చేతిలో డబ్బు పెట్టి కొన్న, సొంత పేరు మీదకు మార్చుకున్న సెకండ్ హ్యాండ్ వంద లేదా నూట పాతిక సీసీ బండి. ఈ మాట కుర్రాళ్ళకు రుచించదని తెలుసు. వాళ్ళ అభ్యంతరాల్లో పస ఉన్నవీ ఉన్నాయి, వాటి దగ్గరికీ వస్తాను.

ముందు చట్టం సంగతి. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం గేర్ల బండి నడపాలంటే పద్దెనిమిదేళ్ళు నిండాలి. పదహారేళ్ళకే 50 సీసీ దాటని బండి నడపొచ్చని అందులో ఒక వెసులుబాటు ఉంది గానీ, ఆ సైజు పెట్రోలు బండ్లు షోరూముల్లోంచి ఎప్పుడో మాయమయ్యాయి. గోలుగొండ, నాతవరం వైపు రైతుల ఇళ్ళ ముందు కనబడే టీవీఎస్ ఎక్సెల్ కూడా ఇప్పుడు 99.7 సీసీ. పదహారేళ్ళవాడు దాని మీద పాల క్యాను పెట్టుకుని వెళ్ళినా చట్టం లెక్కలో లైసెన్సు లేనివాడే. 2019 సవరణ తర్వాత మైనరు బండితో నేరం చేస్తే తండ్రికో, బండి యజమానికో మూడేళ్ళ దాకా జైలు, పాతిక వేల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దు, ఆ పిల్లాడికి పాతికేళ్ళు వచ్చేదాకా లైసెన్సు లేదు. ఇంత కటువైన చట్టం పద్దెనిమిదో పుట్టినరోజు దాటగానే ఒక్కసారిగా చేతులెత్తేస్తుంది. లెర్నర్ లైసెన్సు (ఎల్ఎల్ఆర్) తీసుకుని ముప్పై రోజులు ఆగి, టెస్టు పాసైతే వచ్చే కార్డు స్ప్లెండర్‌కీ అదే, వెయ్యి సీసీ బండికీ అదే. బ్రిటన్‌లో పదిహేడేళ్ళవాడికి దొరికే లైసెన్సుతో 125 సీసీ, 11 కిలోవాట్లు, అంటే సుమారు పదిహేను హార్స్ పవర్ దాటని బండే నడపాలి. అంతకు పెద్దది కావాలంటే పందొమ్మిదేళ్ళకు ఒక మెట్టు, ఆ పైన ఇంకో మెట్టు. మన దగ్గర ఆ మెట్లు కట్టేవాళ్ళు లేరు. కాబట్టి ఆ పని ఇంట్లోనే జరగాలి.

ఇక రోడ్డు. నర్సీపట్నం నుంచి తాళ్ళపాలెం మీదుగా హైవే అందుకోవడం ఒక రకం. తుని వైపు పోవడం ఇంకో రకం. చెరకు సీజన్లో వెనక లైటు లేని ట్రాక్టరు ట్రాలీ చీకట్లో ఎదురుగా ఎప్పుడు ప్రత్యక్షమవుతుందో చెప్పలేం. అన్నిటికీ మించింది డౌనూరు దాటాక మొదలయ్యే ఘాట్. మైదానం నుంచి బయల్దేరిన బండి లంబసింగి చేరేసరికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తుకు పోతుంది. డిసెంబరు, జనవరి నెలల్లో చెరువులవేనం మీద తెల్లవారుజాము మంచు చూడాలని అర్ధరాత్రి బయల్దేరే కుర్రాళ్ళ గుంపులు ఎన్నో. వంద సీసీ బండికి వ్యతిరేకంగా మొదట వినబడే మాట ఇక్కడిదే: ‘ఇద్దరం కూర్చుంటే ఘాట్ ఎక్కదు’ అని. ఎక్కుతుంది. స్ప్లెండర్‌కి ఉన్నది 97.2 సీసీ, ఎనిమిది హార్స్ పవర్. సెకండ్ గేర్లో మూలుగుతూ ఎక్కుతుంది, వెనక వచ్చే జీపు హారన్ కొడుతుంది, అంతే. ప్రాణం మీదికి వచ్చేది దిగేటప్పుడు. పెట్రోలు కలిసొస్తుందని న్యూట్రల్ చేసి, కొందరైతే ఇంజిన్ కూడా ఆపేసి దిగుతారు. అప్పుడు బండి బరువు, వెనక కూర్చున్నవాడి బరువు మొత్తం బ్రేకుల మీదే పడుతుంది. డ్రమ్ము లోపల బ్రేకు షూ వేడెక్కే కొద్దీ పట్టు సడలుతుంది. మలుపు మలుపుకీ పెడల్ ఇంకాస్త లోపలికి తొక్కాల్సి వస్తుంది. ఏ గేర్లో ఎక్కామో ఆ గేర్లోనే దిగితే సగం పని ఇంజినే చేస్తుందని లారీ డ్రైవర్లకు తెలిసిన విషయం, పాతికేళ్ళ లోపు కుర్రాళ్ళలో ఎందరికి తెలుసో నాకు అనుమానమే. పాతిక హార్స్ పవర్ల బండి ఈ పాఠం నేర్పదు. ఎక్కడం మరీ తేలికైపోయేసరికి, దిగడమూ అంతే తేలికనిపిస్తుంది.

డబ్బు దగ్గరికి వద్దాం. షోరూములో ‘నెలకెంత’ అన్న ప్రశ్నకు వచ్చే జవాబు ఎప్పుడూ చిన్న సంఖ్యే. ఒక ఉదాహరణ వేద్దాం. రెండు లక్షల బండికి యాభై వేలు డౌన్ పేమెంట్ కట్టి, లక్షన్నర ఫైనాన్స్ చేయించారనుకోండి. పది శాతం ఫ్లాట్ వడ్డీ, మూడేళ్ళు. వడ్డీ నలభై ఐదు వేలు, మొత్తం లక్షా తొంభై ఐదు వేలు, నెలకు 5,417 రూపాయలు. పది శాతమే కదా అనిపిస్తుంది. కానీ ఫ్లాట్ అంటే మీరు అసలు సగం తీర్చేశాక కూడా మొత్తం అసలు మీదే వడ్డీ కడుతున్నారని. తగ్గే అసలు మీద లెక్క కడితే అది ఏడాదికి పద్దెనిమిది శాతం దగ్గర తేలుతుంది. ఇప్పుడు కట్టేవాడి రాబడి చూడండి. డిగ్రీ చదువుతూ పెళ్ళిళ్ళకు క్యాటరింగ్ పనికి వెళ్ళేవాడు, సెల్ షాపులో సాయంత్రాలు కూర్చునేవాడు, డెకరేషన్ వాళ్ళ వెంట పందిళ్ళకు పూలు కట్టేవాడు, వీళ్ళ సంపాదన నెలనెలా ఒకేలా రాదు. ఆషాఢం వస్తే పెళ్ళిళ్ళు ఆగుతాయి, మూఢం వస్తే ఆగుతాయి, ఈఎంఐ మాత్రం ఆగదు. ‘కిస్తీ కట్టాల్సి వస్తే బాధ్యత తెలుస్తుంది’ అనే తండ్రులున్నారు. రెండు కిస్తీలు తప్పితే ఆ బాధ్యత తిరిగి తండ్రి మెడకే చుట్టుకుంటుందని వాళ్ళకూ తెలుసు, హామీ సంతకం వాళ్ళదే కాబట్టి. దానికంటే నాకు బెంగ కలిగించేది ఇంకొకటి. జేబు మొత్తం కిస్తీకి పోయినవాడు అరిగిన టైరు మార్చడు, బ్రేకు షూ వాయిదా వేస్తాడు, ఇన్సూరెన్స్ రెన్యువల్ మర్చిపోతాడు. బండి కొత్తగా మెరుస్తూనే ఉంటుంది.

పెట్రోలు లెక్క కూడా చిన్నదేం కాదు. మాకవరపాలెం వైపు ఇంజినీరింగ్ కాలేజీకి వెళ్ళొచ్చేవాడు అటూ ఇటూ తిరుగుళ్ళతో కలిపి రోజుకు ముప్పై కిలోమీటర్లు, నెలకు పాతిక రోజులు తిరిగాడనుకుందాం. 750 కిలోమీటర్లు. లీటరుకు అరవై ఇచ్చే బండికి పన్నెండున్నర లీటర్లు, ముప్పై ఐదు ఇచ్చేదానికి ఇరవై ఒకటిన్నర. లీటరు నూట పది దగ్గర్లో ఉన్న రోజుల్లో తేడా నెలకు దాదాపు వెయ్యి రూపాయలు. ఆ వెయ్యిలో ఏడాదికి రెండు టైర్లూ, ఒక చైన్ సెట్టూ వచ్చేస్తాయి, పైగా మిగులుతుంది. ఒక ఒప్పుకోలు కూడా చెప్పాలి: 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ లోపు బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. కొత్త బండి వైపు త్రాసు కొంత మొగ్గింది నిజమే. కానీ అదే దెబ్బకు పాత బండ్ల ధరలూ మెత్తబడ్డాయి కాబట్టి బేరమాడేవాడికి నష్టమేమీ లేదు.

పాత బండి అంటే ఎంత పాతది? ఇక్కడ నంబరు ప్లేటు చాలా విషయం చెబుతుంది. ఏపీ 31 అని ఉంటే పాత విశాఖ జిల్లా రిజిస్ట్రేషన్. 2019 మొదట్లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 అనే ఒకే కోడు వచ్చింది. సరిగ్గా ఆ రోజుల్లోనే, 2019 ఏప్రిల్ 1 నుంచి, 125 సీసీ దాకా ఉన్న కొత్త బండ్లకు కనీసం సీబీఎస్, అంతకు పైవాటికి ఏబీఎస్ తప్పనిసరి చేశారు. సీబీఎస్ అంటే వెనక బ్రేకు తొక్కినా ముందు బ్రేకూ కొంత పడుతుంది. భయంలో కాలు ఒక్కటే పనిచేసే కొత్తవాడికి అదెంతో మేలు. ఆ తర్వాత 2020 ఏప్రిల్‌తో బీఎస్6 కాలుష్య ప్రమాణాలు వచ్చి, చాలా బండ్లలో కార్బురేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ దిగింది. ఏపీ 31 బండిని ఏ పల్లెలోని మెకానిక్కైనా కార్బురేటర్ విప్పి, ఊది, బిగించి పంపగలడు. బీఎస్6 బండిలో సెన్సరు పోతే స్కానరు ఉన్న షెడ్డు వెతుక్కోవాలి. అయినా నేనైతే సీబీఎస్ ఉన్న బండికే ఓటేస్తాను. పైగా రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ళకే చెల్లుతుంది. 2012 బండి చవకగా వస్తుందని కొంటే, రెండేళ్ళు తిరక్కముందే ఫిట్‌నెస్, రెన్యువల్ అంటూ ఆఫీసు చుట్టూ తిరగాలి.

బండిని చూసే పద్ధతి కూడా నేర్చుకోవాల్సిన విద్యే. అమ్మేవాడు ముందే స్టార్ట్ చేసి వేడి చేసి ఉంచిన బండిని చూడకూడదు. పొద్దున్నే చల్లగా ఉన్న ఇంజిన్ మీద చెయ్యి పెట్టి చూసి, అప్పుడు కిక్ కొట్టించాలి. సైలెన్సర్ నుంచి నీలంగా పొగ వస్తే ఇంజిన్ ఆయిల్ తాగుతోందని లెక్క. మెయిన్ స్టాండు వేసి, వెనక ఒకరిని కూర్చోబెట్టి ముందు చక్రం గాల్లోకి లేపి, హ్యాండిల్ మెల్లగా అటూ ఇటూ తిప్పండి. నడిమధ్యలో చిన్నగా టక్కుమని ఆగినట్టుంటే కోన్ సెట్ పోయినట్టే, అంటే బండి గుంతల్లో బాగా దెబ్బలు తిన్నది. ముందు ఫోర్కు గొట్టాల మీద వేలు రాసి చూస్తే నూనె జిడ్డు అంటుకుందా, సీల్ లీకు. టైరు పక్కగోడ మీద ఒక చిన్న చట్రంలో నాలుగంకెలుంటాయి. 2321 అని ఉంటే 2021లో ఇరవై మూడో వారంలో తయారైందని. రీడింగ్ పన్నెండు వేలే చూపిస్తూ, ఫుట్ రెస్ట్ రబ్బర్లు నున్నగా అరిగిపోయి, గేర్ లివర్ మీద రంగు పూర్తిగా పోయి ఉంటే మీటరు మాటను అంతగా నమ్మక్కర్లేదు. ఆర్సీలో ఫైనాన్స్ కంపెనీ పేరు ఇంకా ఉందా, పాత చలాన్లు ఉన్నాయా అన్నది ఫోన్లోనే చూసుకోవచ్చు. ఫైనాన్స్ ఉంటే కంపెనీ ఎన్ఓసీ, ఫారం 35 చేతికి రాకుండా అడ్వాన్సు ఇవ్వడం డబ్బు చేతులారా పోగొట్టుకోవడమే. ‘పాత బండి కొనడమంటే ఇంకొకడి రోగం కొనుక్కోవడం’ అనే పెద్దల మాటకు నా జవాబు ఇదే: నమ్మకమైన మెకానిక్‌కి అయిదు వందలిచ్చి వెంట తీసుకెళ్తే రోగమేదో, దాని ఖర్చెంతో కొనకముందే తెలుస్తుంది.

అన్నిటికంటే బలమైన అభ్యంతరం బ్రేకులది. ‘మీరు చెప్పే చిన్న బండికి ఏబీఎస్ లేదు, పెద్ద బండికి ఉంది. ప్రాణానికి ఏది మేలు?’ అని అడిగితే తేలిగ్గా కొట్టిపారేయలేను. మంచి బ్రేకు కావాలంటే అక్కర్లేని బలమూ కొనుక్కోవాల్సి రావడం ఆ 2019 నిబంధనలోని వంకరే. వానలో, మంచు తడిసిన ఘాట్‌లో ముందు చక్రం లాక్ అయితే మనిషి నేల మీద ఉంటాడు, దాన్ని ఆపేది ఏబీఎస్సే. అందుకే చింతపల్లి, పాడేరు వైపు వారం వారం వెళ్ళాల్సిన పని ఉన్నవాడి విషయంలో నా మాట సవరించుకుంటాను: 2019 ఏప్రిల్ తర్వాత తయారైన, ముందు చక్రానికి ఏబీఎస్ ఉన్న 150-160 సీసీ సెకండ్ హ్యాండ్ బండి చూడండి. బలం లెక్కలో బ్రిటన్ కుర్రాడి పరిమితికి అది కాస్త అటూ ఇటూగానే ఉంటుంది. అక్కడితో ఆగాలి. పల్సర్ ఎన్ఎస్200, డ్యూక్ 200 దగ్గరికి వచ్చేసరికి బలం ఇరవై నాలుగు, ఇరవై అయిదు హార్స్ పవర్లకు చేరుతుంది, స్ప్లెండర్‌కి మూడింతలు. ఏబీఎస్ చక్రాన్ని లాక్ కానివ్వదు, అంతవరకే దాని పని. ఎంత వేగంతో మలుపులోకి దూరాలన్నది అది చెప్పదు.

ఇంకో అభ్యంతరం పరువుది. దీన్ని పెద్దవాళ్ళు ఎగతాళి చేస్తారు గానీ, నేను చేయను. అబిద్ సెంటర్లో నలుగురు స్నేహితులు ఆగిన చోట వాళ్ళ బండ్ల మధ్య నాన్న బండి లాంటి బండి ఆపాలంటే పందొమ్మిదేళ్ళవాడికి నిజంగానే మనసు గుంజుతుంది. పైగా ఇది పూరి జగన్నాథ్‌ని సినిమాకిచ్చిన ఊరు. హీరో ఎంట్రీ ఎలా ఉండాలో ఇక్కడి కుర్రాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. కాకపోతే తెర మీది బండికి పెట్రోలు, ఇన్సూరెన్స్, కిస్తీ అన్నీ నిర్మాత ఖాతాలో ఉంటాయి. మోజు తీరాలనుకునేవాడికి మధ్యేమార్గం లేకపోలేదు: 2021లో వచ్చిన టీవీఎస్ రైడర్ లాంటి 125లు చూడ్డానికి కుర్రతనంగానే ఉంటాయి, బలం పదకొండు హార్స్ పవర్ల చిల్లర. చెప్పొద్దూ, నలభై దాటినవాళ్ళు ఇప్పటికీ కలవరించే యమహా ఆర్ఎక్స్ 100కి ఉన్నదీ ఆ పదకొండే. అది చాల్లేదని ఆ రోజుల్లో ఎవరూ ఏడవలేదు.

‘అసలు బండే ఎందుకు, డిపో ఉన్న ఊరే కదా’ అనే ప్రశ్న న్యాయమైనదే. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడపిల్లలకు టికెట్ లేదు. చాలా ఇళ్ళలో కూతురికి స్కూటీ కొనే ఆలోచన దాంతో వాయిదా పడి ఉంటుంది. ఆ వాయిదా నాకు పూర్తిగా నచ్చదు. బస్సు కాలేజీ దాకా తీసుకెళ్తుంది, చీకటి పడ్డాక ట్యూషన్ నుంచి బలిఘట్టం దాకా తీసుకురాదు. పైన చెప్పిందంతా ఆమెకూ వర్తిస్తుంది, స్కూటరు ఎంపిక చేసేది మాత్రం ఆమె అయితే బాగుంటుంది. సీటు మీద కూర్చుని రెండు పాదాలూ నేలకు ఆనించి చూసుకోవాల్సింది ఆ అమ్మాయే.

బండికి పెట్టే బడ్జెట్లో మొదట తీసి పక్కన పెట్టాల్సింది హెల్మెట్ డబ్బు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయిన 1,68,491 మందిలో 74,897 మంది రెండు చక్రాల వాహనాల మీద పోయినవాళ్ళు. హెల్మెట్ లేకుండా పోయినవాళ్ళు 50,029, అందులో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్ళు. కాబట్టి కొనాల్సింది రెండు. 2021 జూన్ నుంచి ఐఎస్ఐ గుర్తు లేని హెల్మెట్ తయారు చేయడమూ, అమ్మడమూ నేరమే. అయినా రోడ్డు పక్కన మూడు వందలకు దొరికే టోపీలు పోలీసును దాటడానికి పనికొస్తాయి, తారును దాటడానికి పనికిరావు. కొనేటప్పుడు గడ్డం పట్టీ బిగించి, వెనక నుంచి పైకెత్తి ముందుకు లాగి చూడాలి. ఊడి చేతికొచ్చిందంటే సైజు పెద్దది. రెండు లక్షల బండి మీద మూడు వందల హెల్మెట్ కనబడితే ఆ ఇంట్లో డబ్బు ఏ వరసలో ఖర్చయిందో వేరే అడగక్కర్లేదు.

చివరగా ఆర్సీ మీద పేరు. మన ఇళ్ళలో బండి తండ్రి పేరున ఉంటుంది, తిరిగేది కొడుకు. తప్పనిసరి వ్యక్తిగత ప్రమాద బీమా, పదిహేను లక్షలది, ఓనర్-డ్రైవర్ పేరున రాస్తారు. అంటే ఆర్సీలో పేరుండి, చేతిలో చెల్లే లైసెన్సు ఉన్న మనిషికి. కొడుక్కి ఏదైనా జరిగితే తండ్రి పేరున ఉన్న ఆ కవర్ కోసం బీమా కంపెనీతో వాదులాడుకోవాల్సిన గతి పడుతుంది. సెకండ్ హ్యాండ్ బండి కొని ఆర్సీ మార్చుకోకుండా తిరగడం ఇంకా అధ్వాన్నం. అప్పుడు కాగితం మీద యజమాని ఎవరో ముక్కూ మొహం తెలియని పాత ఓనరు. ఎవరినైనా గుద్దితే నోటీసు అతనికి వెళ్తుంది, బీమా పాలసీ అతని పేరునే ఉంటుంది. కుర్రాడికి పద్దెనిమిది నిండి ఉంటే అతని పేరునే కొనండి. ఫారం 29, 30 మీద అమ్మేవాడి సంతకాలు డబ్బు లెక్కపెట్టే బల్ల మీదే తీసుకోండి. ట్రాన్స్‌ఫర్‌కు దరఖాస్తు పెట్టడానికి కొన్నవాడికి చట్టం ఇచ్చిన గడువు ముప్పై రోజులు. పాలసీని కొత్త పేరు మీదకు మార్చమని బీమా కంపెనీని అడగడానికి గడువు ఇంకా తక్కువ, పద్నాలుగు రోజులే. ట్రాన్స్‌ఫర్ దరఖాస్తు రసీదు చేతికొచ్చేదాకా డౌనూరు దాటి పోవద్దని చెబితే కొడుకు అలుగుతాడు, అలగనివ్వండి.